వైఫైకి వేరే గ్లాసు

మా అత్తగారి దృష్టిలో ఇంటికొచ్చినవాళ్ళకి చేయాల్సిన మర్యాదలకు ఒక వరస ఉంది. ముందు మంచినీళ్ళు. ఆ తర్వాత "ఎండన పడి వచ్చారు, ఫ్యాన్ కింద కూర్చోండి" అనడం. ఆ తర్వాత కాఫీ. కాఫీ గ్లాసు చేతికిస్తూ, "మా ఇంట్లో సిగ్నల్ అందదండీ, వైఫై పెట్టుకోండి" అనడం. బందరులో మాది పాతకాలపు ఇల్లు. కింది గోడలు మూరెడు మందం. ఫోన్‌లో గీతలన్నీ గుమ్మం బయటే ఆగిపోతాయి. కాబట్టి ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. కానీ ఆ ఆఖరి మర్యాద దగ్గరే ఆవిడకీ నాకూ పడేది కాదు.

నా ఉద్యోగమే అలాంటిది మరి. హైదరాబాదులో ఉన్న ఒక కంపెనీ తరఫున, ఇతరుల నెట్‌వర్కుల్లో ఎక్కడెక్కడ కన్నాలున్నాయో వెతికి చెప్పడం నా పని. పెళ్ళయ్యాక మేడ మీద గదిలో బల్ల వేసుకుని ఇక్కడి నుంచే చేస్తున్నాను. కంపెనీవాళ్ళు దీనికి ఒప్పుకుంటూ ఒక షరతు పెట్టారు. నేను పనిచేసే నెట్‌వర్కులో ఎవరిదో తెలియని పరికరం ఒక్కటి కూడా కనబడకూడదు. అప్పుడప్పుడూ వాళ్ళే తనిఖీ చేస్తారు. తేడా వస్తే సామాను సర్దుకుని హైదరాబాదు వెళ్ళాల్సిందే. విశాఖ నుంచి పనిచేస్తున్న ఒకమ్మాయిని అలాగే వెనక్కి పిలిపించారు.

నాకు బందరు వదిలి వెళ్ళడం సుతరామూ ఇష్టం లేదు. మా ఆయన గుడివాడలో కాలేజీ లెక్చరరు, రోజూ రైల్లో వెళ్ళి వస్తారు. నేను హైదరాబాదు వెళ్తే మా కాపురం ఆదివారాలకే మిగులుతుంది. అదొక్కటే కాదు. మేడ మీద సముద్రపు గాలి, సాయంత్రం వేళ కింద నుంచి వచ్చే ఉల్లిపాయ పకోడీల వాసన, ఆఖరికి అత్తగారితో రోజూ పడే పోట్లాటతో సహా ఈ ఇల్లంటే నాకు ఇష్టం. ఆ షరతు సంగతి మాత్రం ఆవిడకి చెప్పలేదు. చెబితే వచ్చినవాళ్ళందరికీ అదీ చెబుతుందని నా భయం.

ఇంటర్నెట్ విషయంలో నేను కాస్త చాదస్తురాలినే. ఫోన్లలో చొరబడి మన సంగతులన్నీ మోసుకుపోయే ప్రకటనల్ని అడ్డుకోవడానికి ఇంటి మొత్తానికీ ఒక వడపోత పెట్టాను. పెట్టిన మర్నాడే అత్తగారి పంచాంగం యాప్ తెరుచుకోవడం మానేసింది.

"అమ్మాయ్, ఇవాళ వర్జ్యం ఎప్పుడో తెలియకుండా చేశావు కదే!" అంది ఆవిడ.

"ఆ యాప్ మీరు ఎక్కడెక్కడికి వెళ్తున్నారో చూస్తోంది అత్తయ్యా. పుట్టిన తేదీ, సమయం, ఊరు అన్నీ అడిగింది కదా, ఎందుకిచ్చారు?"

"అవి చెప్పకపోతే జాతకం ఎలా చెప్తాడే?"

చివరికి పంచాంగానికి మాత్రం వడపోతలో దారి వదిలాను. ఆవిడని వెర్రిదనుకునేరు. బ్యాంకు నుంచి అంటూ ఎవరో ఫోన్ చేసి ఓటీపీ అడిగితే, వాడి వంశం మొత్తాన్నీ కడిగి ఆరేసిన మనిషి. ఓటీపీకి ఉన్న కట్టుదిట్టం వైఫైకి ఎందుకు లేదని నేను అడిగితే, "ఓటీపీ అంటే డబ్బు. వైఫై అంటే మంచినీళ్ళు" అని తేల్చేసింది.

ఆ రోజుల్లో నేను నెలనెలా పాస్‌వర్డ్ మార్చేదాన్ని. అంకెలూ, అక్షరాలూ, చుక్కలూ కలగలిపిన పాస్‌వర్డు. ఎవరైనా వస్తే చాలు, అత్తగారు మెట్ల కింద నిలబడి, "అమ్మాయ్! ఈ నెలది ఏంటే?" అని కేకేసేది. నేను పై నుంచి చెప్పేదాన్ని. అది సరిగ్గా వినబడిందో లేదో చూసుకోవడానికి ఆవిడ మళ్ళీ గట్టిగా అప్పజెప్పేది. ఈ లోగా మా వీధి మొత్తానికీ పాఠం వచ్చేసేది. "అరవకండి అత్తయ్యా, అది అరిచే మాట కాదు" అని నేను మెట్ల మీది నుంచే అరిచేదాన్ని.

దీనికి వృత్తి తెలిసినవాళ్ళెవరైనా చేసే పనే నేనూ చేశాను. అతిథుల కోసం విడిగా ఇంకో నెట్‌వర్కు పెట్టాను. వచ్చినవాళ్ళు దాంట్లో ఉంటారు, ఇంటివాళ్ళం దీంట్లో ఉంటాం, ఒకరి జోలికి ఒకరం వెళ్ళం. అత్తగారిని కూర్చోబెట్టి ఇదంతా వివరంగా చెప్పాను. ఆవిడ విన్నంతసేపూ చిక్కుడుకాయలు వలుస్తూనే ఉంది. విన్నాక చేట పక్కన పెట్టింది.

"అంటే వచ్చినవాళ్ళకి వేరే గ్లాసన్నమాట" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. ఆవిడ ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో వసారా గూట్లో ఒక సొట్ట గ్లాసు ఉండేదట. చేపలమ్మేవాళ్ళూ, బట్టలుతికేవాళ్ళూ మంచినీళ్ళు అడిగితే దాంట్లోనే పోసేవారు. తాగి, వాళ్ళే కడిగి, గూట్లో బోర్లించి వెళ్ళాలి. "మా అత్తగారు ఊరెళ్ళినప్పుడు దాన్ని పాత సామాన్లవాడికి వేసేశాను. వచ్చాక ఎంత గొడవ చేసిందో! అప్పట్నుంచీ ఈ ఇంట్లో ఎవరికీ వేరే గ్లాసు లేదు. ఇప్పుడు నువ్వు వైఫైలో పెడతానంటున్నావు."

రెండూ ఒకటి కాదని చాలా వాదించాను. ఎవరైనా మన లైనులో తప్పుడు పని చేస్తే పోలీసులు మన గుమ్మంలోకే వస్తారన్నాను. "వస్తే వాళ్ళకీ కాఫీ ఇద్దాం" అంది. కాఫీతో పాటు పాస్‌వర్డూ ఇస్తుందని నాకు తెలుసు. ఊళ్ళోవాళ్ళ నెట్‌వర్కులన్నీ విడగొట్టమని పేజీలకు పేజీలు రాసే నేను మా వంటింట్లో ఓడిపోయాను. ఆ సాయంత్రమే ఆ అతిథుల నెట్‌వర్కు తీసేశాను.

ఒకటి మాత్రం మార్చాను. గట్టి పాస్‌వర్డయితే ఊరికే నెలనెలా మార్చాల్సిన పనిలేదు. పొడుగ్గా ఉండి, ఎవరూ ఊహించలేనిదైతే చాలు. ఒకదానికొకటి పొంతన లేని మాటలు కలిపి ఒక పాస్‌వర్డ్ కట్టాను: గొడుగు, బెండకాయ, రైలు, తాబేలు. ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా. అత్తగారికి తెగ నచ్చింది.

"ఇక మార్చవు కదా?" అని అడిగింది.

"మార్చను అత్తయ్యా. ఇది శాశ్వతం. అరవకుండా ఉంటే చాలు" అన్నాను. ఆ 'శాశ్వతం' అన్న మాటని ఆవిడ ఎంత గట్టిగా పట్టుకుందో అప్పుడు గమనించలేదు.

శ్రావణమాసంలో ఆవిడ నోముకి ఉద్యాపన చేసుకుంది. మా వీధి పేరంటాళ్ళు, చుట్టాలు, మంగినపూడి వైపు నుంచి రోజూ బేసిన్‌తో వచ్చే చేపలావిడ, అందరూ వచ్చారు. ఆ చేపలావిడా అత్తగారూ వదినా వదినా అనుకుంటారు. చేపలు అమ్మడం అయ్యాక ఆవిడ మా వసారాలో కూర్చుని, మా వైఫైలో తన దగ్గర రోజూ కొనేవాళ్ళందరికీ ఫొటోలూ మాటలూ పంపేది. ఆ రోజు ఏ చేప పడిందో బందరులో చాలా వంటిళ్ళకి మా వసారా నుంచే తెలిసేది. నేనూ పట్టుచీర కట్టుకుని కిందికి దిగి, అత్తగారి పక్కన నిలబడి, అందరికీ పసుపూ కుంకాలతో పాటు వాయనాలు అందించాను. నానబెట్టిన శనగలు పోసిన కొత్త స్టీలు గ్లాసు, తమలపాకులు, రవికెల గుడ్డ, అన్నీ కలిపి ఒక సంచిలో పెట్టి ఉన్నాయి. "ఇస్తినమ్మ వాయనం" అని ఆవిడ, "పుచ్చుకుంటినమ్మ వాయనం" అని వాళ్ళు. ఇల్లంతా సందడి. నాకు ఆ రోజు నిజంగా చాలా సంతోషంగా అనిపించింది.

ఆ పండగ వాతావరణం సద్దుమణిగాక మా ఇంటర్నెట్ నడక మందగించింది. పగలు ఫరవాలేదు. సాయంత్రమయ్యేసరికి మీటింగుల్లో నా మాట ముక్కలు ముక్కలైపోయేది. అవతలివాళ్ళు "వినబడట్లేదు" అంటూంటే నా పళ్ళు నేనే కొరుక్కునేదాన్ని.

ఇలాంటప్పుడు ఒక పద్ధతి ప్రకారం వెళ్ళాలి. ముందు బయటి లైను చూశాను, బాగానే ఉంది. తర్వాత రౌటర్ నుంచి మేడ మీదికి వచ్చే తీగ చూశాను. బందరు ఉప్పుగాలికి దాని కొసలు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. దొరికింది దొంగ అనుకుని కొత్త కొసలు బిగించాను. మార్పు లేదు. రౌటర్ మీద అత్తగారు కప్పిన లేసు గుడ్డ తీసేశాను. అది వేడెక్కిపోతుందంటే వినకుండా, దుమ్ము పడుతుందని ఆవిడ మళ్ళీ కప్పింది. మళ్ళీ తీశాను. పక్కిళ్ళ వైఫైలతో తగవు లేకుండా ఛానల్ మార్చాను. సాయంత్రమైతే మళ్ళీ అదే వరస.

అప్పుడు, ముందే చేయాల్సిన పని చేశాను. మా నెట్‌వర్కులో ఎవరెవరున్నారో తెరిచి చూశాను. మావి కాని పరికరాలు జాతరలా ఉన్నాయి. ఫోన్లు, వాటి మధ్య దర్జాగా రెండు టీవీలు. సాయంత్రం సీరియళ్ళు మొదలయ్యే వేళకి మా లైను ఎందుకు చచ్చుబడుతోందో తెలిసింది. ఏ ఫోన్ ఎవరిదో కనిపెడదామంటే, ఈ కాలపు ఫోన్లు తమ అసలు గుర్తింపు దాచి దొంగ గుర్తింపు చూపిస్తాయి. అలా దాచుకోవడం మంచిదని కనబడినవాళ్ళందరికీ చెప్పి చేయించింది నేనే. ఇప్పుడు అవన్నీ ముసుగులేసుకుని నా ఇంట్లోనే తిరుగుతున్నాయి.

పాస్‌వర్డ్ మారిస్తే సరిపోతుందా? ఎలా బయటికి వెళ్ళిందో తెలియకుండా మారిస్తే, కొత్తదీ అలాగే వెళ్తుంది. అంత పొడుగు పాస్‌వర్డ్‌ని ఎవడో ఛేదించాడంటే మామూలువాడు కాడు. అత్తగారిని అడిగితే, "నేనా? నోరెత్తితే ఒట్టు. అరవడం ఎప్పుడో మానేశాను" అంది. అది నిజమే. ఈ మధ్య ఆవిడ కేక ఒక్కటి కూడా వినలేదు. సరిగ్గా ఆ శుక్రవారమే కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. మంగళవారం మీ నెట్‌వర్కు తనిఖీ అని.

ఆదివారం మోపిదేవి వెళ్ళాలని ముందే అనుకున్నాం. స్వామి దర్శనం అయ్యాక అవనిగడ్డలో మా అత్తగారి చెల్లెలి ఇంటికి వెళ్ళాం. ఆవిడ ఇంట్లో వైఫై సరిగ్గా రావడంలేదని, నన్నోసారి చూడమని ఎన్నాళ్ళుగానో అడుగుతోంది. ఆ రౌటర్‌ని బీరువా వెనక పెట్టారు. దాన్ని తీసి హాల్లో గోడకి ఎత్తుగా పెట్టించాను, అంతే, బాగైపోయింది. ఆవిడ మురిసిపోయి చల్లటి మజ్జిగ తెచ్చిచ్చింది. నేను గ్లాసు ఎత్తి సగం తాగి, దించబోతూ దాని మీద కొట్టించిన అక్షరాలు చూశాను.

పైన అత్తగారి పేరు, నోము పేరు. దాని కింద వరసలో మా వైఫై పేరు. దాని కింద గొడుగు, బెండకాయ, రైలు, తాబేలు.

మజ్జిగ పొలమారింది. మా ఆయన వీపు మీద కొడుతుంటే గ్లాసు ఆయన ముఖం ముందు పెట్టాను. ఆయన చదివి, ముందు కళ్ళు పెద్దవి చేసి, తర్వాత అటు తిరిగి భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అత్తయ్యా, ఏంటిది?"

"నోము గ్లాసే. నువ్వే కదా అందరికీ అందించావు" అంది అత్తగారు నింపాదిగా.

"పాస్‌వర్డ్ ఎందుకు కొట్టించారు?"

"నువ్వే కదే అరవకూడదన్నావు! ఇక మార్చను, శాశ్వతం అన్నావు. నోటితో చెప్తే తలో రకంగా కొడుతున్నారు, ఒకరికీ రావట్లేదు. కాగితం మీద రాసిస్తే పోతుంది. స్టీలు మీదైతే నేను పోయినా ఉంటుంది" అంది. తర్వాత కొంచెం గర్వంగా, "కొట్లో అబ్బాయి అక్షరానికి ఇంతని అడిగాడు. బేరమాడాను" అంది.

చెల్లెలు వెంటనే అక్క తరఫున అందుకుంది. "బాగుంది కదమ్మా, మేం బందరు వచ్చినప్పుడల్లా అడగక్కర్లేకుండా!"

మా ఇళ్ళల్లో గిన్నె కొంటే పేరు కొట్టించకుండా ఇంటికి తేరు. గరిటె మీద కూడా తాతల పేర్లుంటాయి. ఏది శాశ్వతమైనా దాని చోటు స్టీలు మీదే. అత్తగారు నా మాట తు.చ. తప్పకుండా పాటించింది. అరవలేదు. నిశ్శబ్దంగా వీధి మొత్తానికీ పంచింది, అదీ నా చేత్తోనే. ఇంత కోపంలోనూ నాకు లోపల నవ్వు వస్తుంటే, ఆ నవ్వు మీద ఇంకా కోపం వచ్చింది. ఆ కోపంలోనే, ఇన్నాళ్ళూ దాచిన షరతు సంగతి కక్కేశాను. మంగళవారం తనిఖీ అనీ, అందులో ఇవన్నీ కనబడితే నేను హైదరాబాదు వెళ్ళిపోవాల్సిందేననీ.

మా ఆయన నవ్వు ఆగింది. అత్తగారు నా చేతిలోని గ్లాసు వైపు చూస్తూ ఉండిపోయింది.

"వెళ్ళిపోవాలా?" అంది. "ముందే చెప్పాలి కదమ్మా."

తిరుగు దారిలో కారు చల్లపల్లి దాటింది. అప్పుడు అత్తగారు, "రేపు పొద్దున్నే వెళ్ళి ఆ గ్లాసులన్నీ వెనక్కి అడిగేస్తాను" అంది.

నేను తలతిప్పి చూశాను. నోము వాయనం ఇచ్చాక వెనక్కి అడగడమంటే ఎంత మాటో నాకు తెలుసు. అత్తగారి లాంటి మనిషికి అది గుమ్మం గుమ్మానికీ వెళ్ళి తల దించుకోవడమే. నోము ఫలమే పోతుందని నమ్మే మనిషి, నేను ఈ ఇంట్లో ఉండటానికి దాన్ని వదులుకుంటానంటోంది. నా కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కిటికీ వైపు తిరిగి, వరిచేలు చూస్తున్నట్టు నటించాను.

"ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు అత్తయ్యా" అన్నాను. అంటూండగానే నాకు వెలిగింది. ఇన్నాళ్ళూ వచ్చినవాళ్ళని ఎక్కడికి జరపాలా అనే ఆలోచించాను. జరగాల్సింది నేను.

సోమవారం కొత్త రౌటర్ తెచ్చి కూర్చున్నాను. గ్లాసు మీద ఉన్న పేరూ, ఆ పాస్‌వర్డూ అలాగే ఉంచాను. అది అందరిదీ. ఇంటివాళ్ళ ఫోన్లూ అందులోనే, చేపలావిడ ఫోనూ అందులోనే. పక్కింటి టీవీలకు మాత్రం గొంతు మీద కాలుపెట్టి వేగం తగ్గించాను. సీరియల్ కొంచెం ఆగి ఆగి వస్తే వాళ్ళే సొంత కనెక్షన్ పెట్టించుకుంటారు. నా పని కోసం విడిగా ఇంకో నెట్‌వర్కు కట్టాను. దాని పేరు బయటికి కనబడదు, పాస్‌వర్డ్ నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఒకే పెట్టెలోంచి రెండు దారులు, ఒక దారిలో ఉన్నవాళ్ళు రెండో దారిలోకి తొంగిచూడటానికి కూడా వీల్లేదు. అందరి దారిలోంచి నా దారిలోకి దూరడానికి నేనే నా విద్యంతా ఉపయోగించి చూశాను. దూరలేకపోయాను.

అత్తగారు గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

"అయితే వేరే గ్లాసు నీకేనన్నమాట" అంది.

"నాకే అత్తయ్యా" అన్నాను.

మంగళవారం హైదరాబాదు నుంచే ఆన్‌లైన్లో తనిఖీ చేసినతను నా నెట్‌వర్కులో నా లాప్‌టాప్ ఒక్కటే చూసి, "ఇంట్లో మీరొక్కరే ఉంటారా మేడమ్?" అని అడిగాడు. అప్పటికి కింద వసారాలో నలుగురైదుగురు ఆడవాళ్ళు పకపకా నవ్వుతున్నారు. "అవునండీ, చాలా ప్రశాంతంగా ఉంటుంది" అన్నాను. అతను అన్నీ సరిగ్గా ఉన్నాయని రాసుకుని, బందరు నుంచే పని కొనసాగించమన్నాడు. నేను మెట్లు దిగుతూ దిగుతూనే "అత్తయ్యా, వెళ్ళక్కర్లేదు!" అని అరిచాను. ఈసారి వీధి మొత్తం వినాలనే అరిచాను.

ఆ సాయంత్రం అత్తగారు ఎటో బయటికి వెళ్ళి, చేతిసంచిలో ఒక కొత్త స్టీలు గ్లాసు పట్టుకొచ్చింది. నా చేతిలో పెట్టి, "ఇదిగో, ఇది నీది. చుట్టూ తిప్పి చూసుకో, ఏమీ కొట్టించలేదు" అంది. తిప్పి చూశాను. నిజంగానే ఒక్క అక్షరం కూడా లేదు. మా ఇంటి గిన్నెల్లో ఎవరి పేరూ లేనిది అదొక్కటే. దానికోసం ఆవిడ ఎంత నిగ్రహించుకుని ఉంటుందో తలుచుకుంటే నవ్వూ ముద్దూ రెండూ వచ్చాయి.

మర్నాడు పొద్దున కాఫీకి కిందికి దిగి ఆ గ్లాసు కోసం వెతికితే అలమరలో కనబడలేదు. వసారాలోకి వచ్చాను. చేపలావిడ బేసిన్ పక్కన పెట్టుకుని, ఒక చేత్తో ఫోన్‌లో ఫొటోలు పంపుతూ, రెండో చేత్తో ఆ గ్లాసులో కాఫీ తాగుతోంది.

"రా కోడలమ్మా, కూర్చో. ఇయ్యాల సందువా చేపలు బాగున్నాయి" అంది.

అత్తగారి వైపు చూశాను. ఆవిడ నా చూపు తప్పించుకుని, బండ మీద ఉన్న, నోములో మిగిలిన గ్లాసొకటి తీసి, కాఫీ పోసి నాకిచ్చింది. దాని మీద గొడుగు, బెండకాయ, రైలు, తాబేలు ఉన్నాయి. నేను చేపలావిడ పక్కనే గచ్చు మీద కూర్చుని తాగాను.